ఊరి బడిలో ప్రకృతి పరిశీలనకు ఫోను, ట్యాబు: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో, టీ తాగేటప్పుడు, బస్టాండులో తోటి టీచర్లు నన్ను అడిగిన ప్రశ్నలివి. ఒకచోట ఉంటే పనికొస్తాయని రాశాను. మా బడిలో చేసి చూసినవే ఎక్కువ.

పల్లెటూరి పిల్లల చుట్టూ చెట్లూ పిట్టలే కదా. వాళ్ళకు ఫోనెందుకు?

నాకూ మొదట్లో ఇదే అనుమానం ఉండేది. ఆరుద్ర పురుగు దాన్ని తీర్చింది.

జూన్ మూడో వారం దాటాక, ఆరుద్ర కార్తె వచ్చే రోజుల్లో, వాన పడిన మర్నాడు బడి వెనక ఇసుకలో ఎర్రటి మఖమల్ బొట్ల లాంటి పురుగులు తిరుగుతుంటాయి. మా పిల్లలందరికీ అవి తెలుసు. అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరుగుతారు. "దానికి ఎన్ని కాళ్ళురా?" అని అడిగితే నాలుగన్నవాళ్ళున్నారు, ఆరన్నవాళ్ళున్నారు. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు "దానికి కాళ్ళే లేవు సార్, దొర్లుతుంది" అన్నాడు. ఒక పురుగును తెల్ల కాగితం మీదికి ఎక్కించి, ఫోన్లో దగ్గరగా ఫొటో తీసి, లోపలికెళ్ళి స్మార్ట్ టీవీలో పెట్టాం. చీమ తలంత లేని కాళ్ళు అరచేయంత అయ్యాయి. పిల్లలు తెర దగ్గరికొచ్చి వేలు పెట్టి లెక్కపెట్టారు. ఎనిమిది. అంతకు ముందు వారమే చీమకు ఆరు కాళ్ళని నోటుబుక్కులో రాసుకున్నారు కాబట్టి మళ్ళీ లెక్కపెట్టారు. ఎనిమిదే. "మరి సాలీడుకీ ఎనిమిదే కదా టీచర్" అని ఒక పాప అంది. నిజమే, మనం పురుగు అంటాం గానీ అది సాలీడుకీ గొడ్ల ఒంటి మీది గోమారికీ చుట్టం. ఆ మాట నేను చెప్పక ముందే ఆ పాప అక్కడికి వచ్చేసింది.

రోజూ చేత్తో పట్టుకునే పురుగునే వాళ్ళు ఆ రోజు మొదటిసారి చూశారు. ఫోను చేయగలిగింది ఇదే. చిన్నదాన్ని పెద్దది చేస్తుంది, పారిపోయేదాన్ని ఆపి చూపిస్తుంది, నిన్నటిదాన్ని ఇవాళ్టి పక్కన పెడుతుంది. ఈ మూడు పనులకే దాన్ని బయటికి తీస్తాను. మిగతా అంతా పిల్లల కళ్ళూ చెవులే చూసుకుంటాయి.

మా బడిలో ఉన్నది నా ఫోనొక్కటే. నలభై మందికి ఎలా చాలుతుంది?

చాలుతుంది. నిజానికి ఒక్కటి ఉంటేనే మేలని నా నమ్మకం. తలా ఒక ట్యాబు ఇచ్చిన చోట పిల్లలు చెట్టు వైపు తిరగడం మానేసి తెరలోకి వంగిపోవడం చూశాను.

అయిదారుగురి జట్లు చేయండి. జట్టులో ఒకరు స్కేలుతో కొలుస్తారు, ఒకరు బొమ్మ గీస్తారు, ఒకరు నోటుబుక్కులో రాస్తారు, ఒకరు "సార్, ఇది ఫొటో తీయాలి" అని వచ్చి పిలుస్తారు. పిలిచే ముందు ఆ జట్టు ఒక ప్రశ్న తయారుచేసుకుని రావాలి. ప్రశ్న లేకపోతే ఫొటో లేదు. మా బడిలో ఇదొక్కటే కఠినమైన నియమం. "సార్, ఈ ఆకు బాగుంది" అంటే తీయను. "ఈ ఆకుకు ఒక పక్కే చిల్లులున్నాయెందుకు?" అంటే పరిగెత్తుకెళ్ళి తీస్తాను. ఈ నియమం పెట్టిన నెలలోనే పిల్లల ప్రశ్నలు మారిపోయాయి.

మా ఊళ్ళో సిగ్నలే సరిగా రాదు. అప్పుడెలా?

కెమెరాకు, వాయిస్ రికార్డరుకు, టార్చికి, స్టాప్‌వాచికి నెట్ అక్కర్లేదు. ఈ నాలుగింటితోనే ఏడాదంతా నడపొచ్చు. పక్షుల్ని గుర్తుపట్టే మర్లిన్ లాంటి యాప్‌లో మన దేశపు పక్షుల ప్యాకును సిగ్నలున్న చోట ఒకసారి దించుకుంటే, ఆ తరవాత పొలం గట్టు మీద నెట్ లేకపోయినా కూత విని పక్షిని గుర్తుపడుతుంది. మండల కేంద్రానికి జీతాల పని మీద వెళ్ళినప్పుడు ఈ పని చేసుకోండి.

ఏ యాప్‌లు పెట్టుకోవాలి?

ఎక్కువ వద్దు. రెండు మూడు చాలు.

పక్షులకు మర్లిన్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల తయారుచేసింది, ఉచితం. కూతను బట్టి పక్షిని గుర్తుపట్టే సౌకర్యం అందులో 2021లో వచ్చింది. మొక్కలకూ పురుగులకూ సీక్. జనం తాము చూసిన జీవుల ఫొటోలు పెట్టే ఐనేచురలిస్ట్ అనే వేదిక వాళ్ళదే ఇది కూడా, అయితే దీన్ని ఖాతా తెరవకుండా వాడుకోవచ్చు కాబట్టి పిల్లల దగ్గర ఇదే మంచిది. సీక్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది: కచ్చితంగా తెలియనప్పుడు అది జాతి పేరు చెప్పకుండా కుటుంబం దగ్గరే ఆగిపోతుంది. "ఇది ఫలానా కుటుంబంలోది, అంతకుమించి తెలియలేదు" అన్నట్టు. తెలిసినంతవరకే చెప్పడం ఎలాగో పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. ఇక చెట్లకు సీజన్‌వాచ్. దాని సంగతి కింద కార్తెల దగ్గర చెబుతాను.

గూగుల్ లెన్స్ అందరి ఫోన్లలో ఉంటుంది గానీ అది మొక్కతో పాటు అమ్మకానికున్న కుండీలనూ చూపిస్తుంది. పిల్లల ముందు నేను వాడను.

యాప్ చెప్పిన పేరు నమ్మొచ్చా? అదీ ఇంగ్లీషులోనో లాటిన్‌లోనో చెబుతుంది కదా?

యాప్ చెప్పింది ఒక సాక్షి మాట అనుకోండి. ఊళ్ళో ఇంకా సాక్షులున్నారు.

మేము ఇలా చేస్తాం. ముందు పిల్లలు తమకు తెలిసిన పేరు రాస్తారు. తరవాత ఇంటికెళ్ళి నాయనమ్మనో, గొర్రెల కాపరినో, నాటు వైద్యం తెలిసిన పెద్దాయననో అడిగి వాళ్ళ పేరు రాసుకొస్తారు. చివర్లోనే యాప్ తెరుస్తాం. మూడు పేర్లూ నల్లబల్ల మీద పక్కపక్కన ఉంటాయి. ఒకసారి నీళ్ళ చెలమ దగ్గర అరిచే పొడుగు కాళ్ళ పిట్టను యాప్ రెడ్ వాటిల్డ్ ల్యాప్‌వింగ్ అంది. ఒక పిల్లవాడి తాత "అది తీతువురా, రాత్రిపూట ఇంటి మీదుగా అరిస్తే కీడంటారు" అని చెప్పి పంపాడు. అది రాత్రి ఎందుకు అరుస్తుందన్న దాని మీద ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నాం. అది నేల మీదే, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. కుక్కో మనిషో దగ్గరికొస్తే అరిచి, పైకి లేచి, దృష్టి మళ్ళిస్తుంది. రాత్రీ దానికి నిద్ర తక్కువే. తాత చెప్పింది తప్పని నేను అనలేదు. తరవాతి వారం ఆ పిల్లవాడే తాతకు గుడ్ల సంగతి చెప్పొచ్చానన్నాడు.

తెలుగు పేర్లు జిల్లా జిల్లాకూ మారతాయి. గోరింక, గోరువంక అని పిల్లలు పోట్లాడుకుంటారు. రెండూ రాయించండి. మీ ఊరి పేరే సరైనదని కొట్టివేయకండి. ఐనేచురలిస్ట్‌లో ఒక జీవికి తెలుగు పేరు లేకపోతే మనమే చేర్చొచ్చు. పెద్దవాళ్ళం మన ఖాతాల నుంచి ఆ పని చేస్తే, పిల్లలు సేకరించిన పేరు రేపు ఇంకెవరికో దొరుకుతుంది.

పక్షుల కోసం ప్రత్యేకంగా ఏం చేయించొచ్చు?

వినడం. చూడటం కంటే వినడమే సులువు, అల్లరి పిల్లలు కూడా కళ్ళు మూసుకుని కూర్చుంటారు.

మార్చి నెలలో కోకిల కూసేటప్పుడు మర్లిన్ తెరవండి. కూత వినబడుతుండగా తెర మీద ఆ శబ్దం బొమ్మలా కదులుతుంది. కోకిల ఒక్కో కూతకూ స్వరం పెంచుకుంటూ పోతుంది కదా, ఆ గీత కూడా మెట్లెక్కినట్టు పైకి పోతుంది. మా రెండో తరగతి పిల్లలు ఆ గీతను గాల్లో వేలితో గీస్తూ తామూ కూశారు. ఎవరి గొంతు గీత ఎంత పైకి వెళ్ళిందో చూసుకున్నారు. కూసేది మగ కోకిలని, అది నల్లగా ఉంటుందని, ఆడది గోధుమ రంగులో చుక్కలతో ఉంటుందని తెలిశాక, "అయితే మేము రోజూ వేపచెట్టు మీద చూసే చుక్కల పిట్ట అదేనా?" అని అడిగారు. అదే. కాకి గూట్లో గుడ్డు పెట్టే తల్లి కూడా అదే.

ఒక్క హెచ్చరిక. ఫోన్లో రికార్డు చేసిన కూతను మళ్ళీ స్పీకర్లో వినిపించి పక్షిని రప్పించకండి. ఇంకో మగపక్షి తన చోటికి వచ్చిందనుకుని అది గూడు వదిలి కంగారుపడుతుంది.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి కనబడ్డ పక్షుల్ని లెక్కపెట్టి, పక్షుల లెక్కలు చేర్చే ఈబర్డ్ అనే సైటులో పెట్టడమే. బడి ఆవరణలో చేసినా పనికొస్తుంది. మనం లెక్కపెట్టిన పిచ్చుకలు ప్రపంచం మొత్తం లెక్కలో ఉన్నాయంటే పిల్లల ముఖాలు చూడాలి.

ఏడాది పొడవునా చేసే పని ఏదైనా ఉందా?

ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఒక చెట్టును దత్తత తీసుకోండి. చింత, వేప, కానుగ, రేల, మామిడి, ఏదైనా సరే. సీజన్‌వాచ్ పద్ధతి తేలిక: వారానికొకసారి అదే చెట్టు దగ్గరికెళ్ళి లేత ఆకులు, ముదురు ఆకులు, పూలు, కాయలు లేవా, కొన్ని ఉన్నాయా, చాలా ఉన్నాయా అని రాయడం. ఈ లెక్కలు దేశమంతటి నుంచీ ఒకచోట చేరతాయి. రుతువులు గతి తప్పితే చెట్లు ఎలా స్పందిస్తున్నాయో శాస్త్రవేత్తలు వాటిలో చూస్తారు. కేరళ బడులు ఇందులో చాలా ముందున్నాయి.

మేము దీనికి మన కార్తెలు కలిపాం. రైతు ఏడాదిని 27 కార్తెలుగా లెక్కపెడతాడు, ఒక్కోటి సుమారు 13, 14 రోజులు. ఇంట్లో పిల్లలు వినే మాటలే: రోహిణిలో ఎండలు, మృగశిరలో తొలకరి. కాబట్టి నెలకొక ఫొటో తీసే బదులు కార్తెకొక ఫొటో తీశాం. అదే చెట్టు, అదే రాయి మీద నిలబడి, ప్రార్థన అయిన వెంటనే. ఫోన్లో ఫోల్డరుకు "మా చింతచెట్టు", ఫొటోకు కార్తె పేరు. సంవత్సరం చివర 27 ఫొటోలూ టీవీలో వరసగా తిప్పితే చింతచెట్టు ఆకు రాల్చి, ఎర్రగా చిగిర్చి, పూసి, కాసి, మళ్ళీ మొదటికి రావడం రెండు నిమిషాల్లో కనబడింది. ఒక పిల్లాడు "ఆపు సార్, వెనక్కి తిప్పు" అని అయిదుసార్లు తిప్పించాడు. సెలవుల్లోని కార్తెలకు ఫొటో తీసిపెట్టింది బడి పక్కింటి వంట మనిషి కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు. అడిగితే ఊళ్ళో ఎవరైనా చేసిపెడతారు.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇవన్నీ ఎక్కువ కాదా?

వాళ్ళకు తెర దాదాపు అక్కర్లేదు. ఆకులు ఏరి చిన్నవి నుంచి పెద్దవి దాకా పేర్చడం, చెట్టు బెరడు మీద కాగితం పెట్టి క్రేయానుతో రుద్దడం, కళ్ళు మూసుకుని ఎన్ని శబ్దాలు వినబడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టడం చాలు. వాళ్ళ దగ్గర ఫోను వారానికొకసారి, పెద్ద బొమ్మగా చూపించడానికే.

సిలబస్సే పూర్తికావడం లేదు. దీనికి టైమెక్కడిది?

పరిసరాల విజ్ఞానం పీరియడ్ ఇందుకే ఉంది. అది కాక, పిచ్చుకల లెక్క గణితం. గోరింకలు 12, కాకులు 7, ఎన్ని ఎక్కువ? చెట్టు డైరీ తెలుగు రాత. తెలంగాణలో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి వాటి మీదే ఒత్తిడి ఎక్కువైందని టీచర్లంటారు. నిజమే. కానీ తాను చూసినదాన్ని గురించి రాయమంటే మా వెనకబడిన పిల్లలు కూడా నాలుగు వాక్యాలు రాస్తున్నారు. పాఠంలోంచి రాయమంటే ఒకటి దగ్గరే ఆగేవాళ్ళు.

"ఫోన్లిచ్చి పిల్లల్ని పాడుచేస్తున్నారు" అని తల్లిదండ్రులంటే?

వాళ్ళ భయం న్యాయమైనది. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల పేరుతో ఇళ్ళలోకి వచ్చిన ఫోన్లు పిల్లల చేతుల్లోంచి ఇంకా పోలేదు. అందుకని ఫోను టీచరు చేతిలోనే ఉంటుందని, ఇంటిదగ్గర ఫోనుతో చేసే పని ఏదీ ఇవ్వబోమని సమావేశంలో మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి. ఇంట్లో ఫోన్ లేని పిల్లలు చిన్నబోకుండా ఉండటానికి కూడా ఇదే దారి. తరవాత వాళ్ళను ఒకసారి బడికి పిలిచి, చింతచెట్టు ఫొటోలు చూపించండి. మా ఊళ్ళో ఒక తండ్రి చూసి, "పోయినేడు పూత ముందే వచ్చింది, నా దగ్గర రాసుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. ఇప్పుడు ఆయన రాస్తున్నాడు.

పిల్లల ఫొటోలు, స్థలం వివరాలు బయటపెట్టడంలో ఏం జాగ్రత్త పడాలి?

ఇక్కడ నా వల్ల జరిగిన తప్పు చెప్పాలి. పాడుబడిన గోడ తొర్రలో గుడ్లగూబ గూడు దొరికింది. సంతోషం పట్టలేక ఫొటో, చోటు రెండూ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు రోజుల్లో బయటి కుర్రాళ్ళు టార్చీలతో వచ్చి చూశారు. తల్లి పక్షి మళ్ళీ ఆ తొర్రకు రాలేదు. పిల్లలు వారం రోజులు నన్ను అడుగుతూనే ఉన్నారు, ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటి నుంచి గూడు, గుడ్లు, పక్షి పిల్లలున్న చోటు ఎవరికీ చెప్పను. ఐనేచురలిస్ట్‌లో పెడితే చోటును మసకగా చూపించే ఏర్పాటు ఉంది, దాన్ని ఎంచుకోండి. గూటి మీదికి ఫ్లాష్ కొట్టకండి.

పిల్లల విషయానికొస్తే, ముఖాలు కనబడే ఫొటోలు పబ్లిక్‌గా పెట్టొద్దు. చేతులు, నోటుబుక్కులు, వెనక నుంచి తీసినవి చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లల పేరుతో ఏ యాప్‌లోనూ ఖాతా తెరవకండి.

పాములు, తేళ్ళు ఉంటాయి కదా, భయం లేదా?

ఉంది, ఉండాలి. చెప్పులు లేకుండా గడ్డిలోకి వద్దు. రాళ్ళు, కట్టెల మోపులు, పుట్టల్లో చేయి పెట్టొద్దు. దూలగొండి ఎలా ఉంటుందో, కందిరీగల తుట్టె ఎక్కడుందో పిల్లల్ని తీసుకెళ్ళక ముందే ఒకసారి నడిచి చూసి రండి. పాము కనబడితే ఫొటో ప్రయత్నం అసలు చేయకండి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, మంత్రం అంటూ ఆలస్యం చేయకుండా, కాటు పడిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. బయటికి వెళ్ళే రోజు ఫోన్ ఫుల్ చార్జింగ్‌లో ఉండాల్సింది ముందుగా ఇందుకే.

మైక్రోస్కోపు కొనాలా?

అక్కర్లేదు. పది రెట్లు చూపించే చేతి భూతద్దం చాలు. ఫోను కెమెరా ముందు ఆ భూతద్దాన్నే ఆనించి ఫొటో తీయొచ్చు. ఎవరైనా దాత ముందుకొస్తే ఫోల్డ్‌స్కోప్ తెప్పించుకోండి. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు అది, 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ఫోనుకు తగిలించొచ్చు. కుంట నీటి చుక్కలో ఈదే జీవాల్ని చూశాక మా పిల్లలు నీళ్ళు వడగట్టుకుని తాగడం నేను చెప్పకుండానే మొదలుపెట్టారు.

మా పిల్లలు గోండీ, కోయ, సవర మాట్లాడతారు. తెలుగు పేర్లే వాళ్ళకు కొత్త.

అయితే మీ దగ్గర మాకంటే ఎక్కువ సంపద ఉంది. వాయిస్ రికార్డర్ తెరిచి, చెట్టు ముందు నిలబెట్టి, పిల్లల చేతనే తమ భాషలో దాని పేరు, దాంతో ఇంట్లో ఏం చేస్తారో చెప్పించండి. అవ్వలతో చెప్పిస్తే ఇంకా మంచిది. ఒక్కో చెట్టుకూ ఒక్కో శబ్దం ఫైలు. ఆ భాష రాయడం మీకు రాకపోయినా ఫరవాలేదు, వినడానికి ఉంటుంది. ఈ పని వాయిదా వేయకండి, ఆ పేర్లు తెలిసిన అవ్వలు ఏటికేడాది తగ్గిపోతున్నారు.

పిల్లలు పోగుచేసిన ఈ జాబితాలు ఊరికి పనికొస్తాయా?

వస్తాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, అది ఊరి జీవజాతులతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. సర్పంచ్‌నో పంచాయతీ కార్యదర్శినో అడిగి ఆ రిజిస్టరు చూడండి. పిల్లల జాబితాలో ఉండి అందులో లేనివి చాలా కనబడొచ్చు. ఆ వివరాలు ఫొటోలతో సహా కమిటీకి అందించండి.

ఎప్పుడు, దేనితో మొదలుపెట్టాలి?

జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే, కరివేపాకు చెట్టుతో. మధ్యాహ్న భోజనం వండే చోట సాధారణంగా ఒకటుంటుంది, లేకపోతే నిమ్మచెట్టు. లేత ఆకుల మీద పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలతో ఏదైనా కనబడితే ముట్టుకోకుండా ఆగి చూడండి. రెట్ట కదిలితే అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. పిట్టలు తినకుండా ఆ వేషం. కొన్నాళ్ళకు పచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది.

రోజూ ప్రార్థన అయ్యాక ఒక్క ఫొటో, పక్కన స్కేలు పెట్టి. పొడవు ఎవరు కొలవాలో వంతులు వేయండి. వంట చేసే అక్కకు ముందే చెప్పండి, ఆ కొమ్మ కోయొద్దని. మొదటి ఏడాది నేను చెప్పడం మరిచాను. మూడో రోజు మా గొంగళి ఉన్న కొమ్మ పప్పులోకి వెళ్ళింది. రెండో ఏడాది అక్కే ఆ కొమ్మకు ఎర్ర దారం కట్టింది. గూడు చీల్చుకుని సీతాకోకచిలుక బయటికొచ్చిన ఉదయం నేను ఇంకా బస్సులో ఉన్నాను. అక్క తన ఫోన్లో వీడియో తీసి ఉంచింది.